కరెంటు పోయినా మరచిపోని చిప్‌లు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు సభలో పిల్లల చదువుకు పనికివచ్చే సైన్సు సంగతి ఒకటి, అందరికీ అర్థమయ్యేటట్టు తెలుగులో చెప్పమని కార్యవర్గం వారు కోరారు. బడిలో నేను పాఠం చెప్పేది ఉర్దూలో. ఇళ్ళల్లో మనం మాట్లాడుకునేది సగం ఉర్దూ, సగం తెలుగు. బజారులో, నర్సరీలో, పంచాయతీ ఆఫీసులో అంతా తెలుగే. కనుక తెలుగులోనే చెబుతాను. మధ్యలో ఒకటి రెండు ఉర్దూ మాటలు దొర్లితే పెద్దలు మన్నించాలి.

నేను ఎంచుకున్న విషయం ఎలక్ట్రానిక్ చిప్‌ల జ్ఞాపకశక్తి. పని మార్చుకోగల ఒక రకం చిప్ వుంది. దాంట్లో కరెంటు లేకపోయినా మరచిపోని మెమరీ పెడితే విద్యుత్తు ఎలా ఆదా అవుతుంది, ఎక్కడ అవుతుంది, ఎక్కడ కాదు అన్నది చెప్పదలచుకొన్నాను. వినగానే ఇది కడియానికి చాలా దూరమైన సంగతి అనిపిస్తుంది. అంత దూరం కాదని చివరకు మీరే అంటారని నా నమ్మకం.

రెండు రకాల జ్ఞాపకం

ముందు మన ఇంటి గోడకున్న అంకెల కరెంటు మీటరు సంగతి చూడండి. సరఫరా రెండు గంటలు ఆగిపోయినా, మళ్ళీ రాగానే అది పాత యూనిట్ల దగ్గర నుంచే లెక్క మొదలు పెడుతుంది. ఒక్క యూనిటు కూడా మరచిపోదు. మరచిపోతే బాగుండునని మనకు వుంటుంది గాని, అది మరచిపోదు. అదే కంప్యూటరు మీద ఉత్తరం టైపు చేస్తూ, దాచుకోక ముందే కరెంటు పోయిందనుకోండి, రాసిందంతా గంగపాలు. రెండూ యంత్రాలే, రెండిటిలోనూ మెమరీ వుంది. తేడా మెమరీ జాతిలో వుంది.

ఉర్దూలో జ్ఞాపకశక్తిని హాఫిజా అంటాం. ఒకసారి కంఠతా పట్టినవాడు రాత్రి నిద్రపోయి లేచినా మరచిపోడు. తెల్లవార్లూ చదివి, పరీక్ష హాలులో అడుగు పెట్టేసరికి అంతా మరచిపోయేవాడు కూడా మన బళ్ళల్లో వున్నాడు. చిప్‌లలోనూ ఈ ఇద్దరూ వున్నారు. మొదటిదాన్ని నిలిచే మెమరీ అనీ, రెండోదాన్ని జారిపోయే మెమరీ అనీ ఈ ప్రసంగం వరకు పిలుచుకుందాం.

నిలిచే మెమరీకి మనందరం కళ్ళారా చూసిన ఉదాహరణ ఓటింగ్ యంత్రం. 2019లో మన రాష్ట్రంలో ఏప్రిల్ 11న ఓట్లు వేశాం, మే 23న లెక్కించారు. మధ్యలో 42 రోజులు. 2024లో మే 13న ఓట్లు వేస్తే జూన్ 4న లెక్కించారు, అంటే 22 రోజులు. ఆ రోజులన్నీ యంత్రాలు స్విచ్ ఆపి, సీలు వేసి, తాళం వేసిన గదుల్లో వున్నాయి. లెక్కింపు నాడు మీట నొక్కగానే ఎవరికి ఎన్ని ఓట్లో అంకెలు వచ్చాయి. అన్ని రోజులు ఆ అంకెలను పట్టి వుంచినది నిలిచే మెమరీ.

ఈ యంత్రాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థలు రెండు. ఒకటి బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్, రెండోది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. ఆ ఇ.సి.ఐ.ఎల్.ను 1967లో నెలకొల్పి నడిపించిన అయ్యగారి సాంబశివరావు గారు మన గోదావరి ప్రాంతం వారే. 1914లో ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో పుట్టారు. 1972లో పద్మభూషణ్ అందుకున్నారు. 1982 మే నెలలో కేరళలోని పరూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాలలో మన దేశంలో మొదటిసారి ఓటింగ్ యంత్రాలు వాడారు. కరెంటు లేని పల్లెలో కూడా బ్యాటరీతో నడవాలి, ఆపినా మరచిపోకూడదు అన్న రెండు షరతుల మీద అటువంటి యంత్రం నిలబడింది. నేను చెప్పబోయే విషయానికి కూడా ఈ రెండు షరతులే మూలం.

కూర్చి, విప్పి, మళ్ళీ కూర్చే చిప్

పెద్దలకు పాత అచ్చాఫీసులు గుర్తుండే వుంటాయి. ఒక పేజీ అచ్చు వేయాలంటే కంపోజిటరు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా కూర్చేవాడు. అచ్చయిన తరువాత విప్పి, ఏ అక్షరాన్ని ఆ గడిలో వేసేవాడు. మరునాడు అవే అక్షరాలతో శుభలేఖ, ఆ మరునాడు కరపత్రం. బొమ్మ కావాలంటే మాత్రం బ్లాకు చేయించవలసిందే. బ్లాకు చక్కగా అచ్చవుతుంది గాని, ఆ ఒక్క బొమ్మకే పనికివస్తుంది.

చిప్‌లలో కూడా ఇలాగే వుంది. చాలా చిప్‌లు బ్లాకుల వంటివి. ఫ్యాక్టరీలో ఏ పనికి చేస్తే ఆ పనే చేస్తాయి. కొత్త బ్లాకు చేయించాలంటే కోట్ల రూపాయల ఖర్చు. అందుకని అక్షరాల పెట్టె వంటి చిప్ ఒకటి కనిపెట్టారు. ఫ్యాక్టరీ నుంచి అది ఏ పనీ తెలియకుండా వస్తుంది. కొనుక్కున్నవాడు తనకు కావలసిన పని దాంట్లో కూర్చుకుంటాడు. రేపు అక్కర తీరితే విప్పి మరో పని కూర్చుకుంటాడు. దీన్ని ఫీల్డ్ ప్రోగ్రామబుల్ గేట్ అర్రే అంటారు, పొట్టిగా ఎఫ్.పి.జి.ఏ. అమెరికాలో రాస్ ఫ్రీమన్ అనే ఇంజనీరు మరి ఇద్దరితో కలిసి 1984లో జైలింక్స్ అనే కంపెనీ పెట్టి, 1985లో మొదటి చిప్ బయటికి తెచ్చాడు. ఆ జైలింక్స్ తరువాతి కాలంలో హైదరాబాదులో పెద్ద కేంద్రం నడిపింది. 2022 ఫిబ్రవరిలో ఎ.ఎమ్.డి. అనే కంపెనీలో కలిసిపోయింది. సెల్‌ఫోను టవర్లలో, ఆసుపత్రి స్కానింగ్ యంత్రాలలో, ఉపగ్రహాలలో ఈ జాతి చిప్‌లు పని చేస్తుంటాయి.

లోపల ఎలా వుంటుందో కొంచెం చెబుతాను. చిప్ నిండా చిన్న చిన్న పట్టికలు వుంటాయి, మన ఎక్కాల పుస్తకం లాగ. నాలుగు తీగల మీద సంకేతాలు వస్తాయనుకోండి. ఒక్కొక్క తీగ మీద వుంటే 1, లేకపోతే 0. నాలుగు తీగలకూ కలిపి 16 రకాల పరిస్థితులు. ఒక్కొక్క పరిస్థితికి జవాబు అవునా, కాదా అన్నది 16 గళ్ళలో రాసి పెట్టి వుంటుంది. గళ్ళలో రాత మారిస్తే పట్టిక చేసే పని మారుతుంది. ఇక పట్టికకూ పట్టికకూ మధ్య తీగల దారులు. మన డెల్టా కాలువల మీద తూములు వున్నట్టు ఆ దారుల కూడళ్ళలో మీటలు వుంటాయి. ఏ తూము తెరవాలి, ఏది మూయాలి అన్న ఆజ్ఞ కూడా మెమరీ గళ్ళలోనే రాసి వుంటుంది. అంటే ఈ చిప్ ఏ పని చేస్తుంది అన్నది మొత్తం దాని మెమరీలో ఏమి రాసివుంది అన్న దానిమీదే ఆధారపడి వుంది. మెమరీ చెరిగిపోతే మిగిలేది ఖాళీ అక్షరాల పెట్టె.

పడుకున్నా తినే చిప్

మొదటి నుంచీ ఇటువంటి చిప్‌లలో ఎక్కువ భాగం జారిపోయే మెమరీతోనే చేస్తున్నారు. ఒక్కొక్క గడికి మామూలుగా ఆరు ట్రాన్సిస్టర్లు పడతాయి. రాయడం తేలిక, వేగం ఎక్కువ, ఎన్నిసార్లయినా మార్చవచ్చు. లోపమల్లా ఒకటే. కరెంటు ఇస్తూ వుండాలి.

మన నర్సరీల వాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. కవర్లలో మొక్క పెంచి అమ్మకానికి పెట్టారు. లారీ ఇవాళ వస్తుందో, నెల తరువాత వస్తుందో తెలియదు. వచ్చినా రాకపోయినా నీళ్ళు పొయ్యాలి. పండగ అయినా పొయ్యాలి, పెళ్ళి అయినా పొయ్యాలి. బేరం లేదని ఒక వారం మానేస్తే మొక్క మిగలదు. అదే విత్తనమయితే డబ్బాలో పోసి మూత పెట్టి అటక మీద పెట్టండి. అక్కర పడినప్పుడు తీసుకోవచ్చు. జారిపోయే మెమరీ కవరులో మొక్క. నిలిచే మెమరీ డబ్బాలో విత్తనం.

చిప్‌లో ఈ నీళ్ళు పోసే ఖర్చు ఎందుకు వస్తుందంటే, ట్రాన్సిస్టరు అనేది ఒక కుళాయి వంటిది. బాగా కట్టేసినా కొంచెం కారుతూనే వుంటుంది. పూర్వం ట్రాన్సిస్టర్లు లావుగా వుండేవి, కారేది చాలా తక్కువ. సన్నబడేకొద్దీ కారడం ఎక్కువయింది. సంఖ్య కూడా పెరిగింది. 1985 నాటి మొదటి చిప్‌లో ఇటువంటి మెమరీ గళ్ళు సుమారు 12 వేలు. 2011లో జైలింక్స్ తెచ్చిన ఒక పెద్ద చిప్‌లో 44 కోట్లకు పైగా. ఒక్కొక్క కుళాయి చుక్క కార్చినా 44 కోట్ల చుక్కలు కలిస్తే కాలువ అవుతుంది. దీనికి తోడు చిప్ వేడెక్కేకొద్దీ కారడం ఇంకా పెరుగుతుంది. రోహిణి కార్తెలో మన రేకుల షెడ్డులో పెట్టిన యంత్రం సంగతి ఆలోచించండి.

అయితే పని లేనప్పుడు స్విచ్ ఆపేస్తే పోలేదా అని అడగవచ్చు. ఆపితే అంతా మరచిపోతుంది. మళ్ళీ వెయ్యగానే పక్కన వున్న మరో మెమరీ చిప్ నుంచి కోట్ల అక్షరాలు తెచ్చి ఒక్కొక్క గడిలో నింపాలి. అది నిండేదాకా చిప్‌కు ఏ పనీ చేతకాదు. నింపడానికి కొంత సమయం, కొంత కరెంటు ఖర్చు. ఇంకో చిక్కు కూడా వుంది. చేసే పని ఏమిటి అన్నది ఒక జ్ఞాపకం. ఆ పని ఎంతవరకు వచ్చింది అన్నది మరో జ్ఞాపకం. లెక్క సగంలో వుండగా స్విచ్ ఆపితే రెండోది కూడా పోతుంది. కాబట్టి యజమానికి రెండే దారులు: ఖాళీగా వున్నా మేపుతూ వుండాలి, లేదా పడుకోబెట్టిన ప్రతిసారీ అలిఫ్, బే నుంచి మళ్ళీ నేర్పాలి.

గాజు గోడల గది

నిలిచే మెమరీ మూడో దారి చూపిస్తుంది. అది ఎలా నిలుస్తుందంటే, ట్రాన్సిస్టరు లోపల నాలుగు వైపులా గాజు వంటి పొరతో మూసిన చిన్న గది ఒకటి వుంటుంది. ఎక్కువ వోల్టేజి ఇచ్చి ఎలక్ట్రాన్లను ఆ గదిలోకి తోస్తారు. వోల్టేజి తీసేస్తే గోడలు దాటి బయటికి రాలేక అవి అక్కడే వుండిపోతాయి. గదిలో ఎలక్ట్రాన్లు వున్నాయా లేవా అన్నదే ఆ గడిలో రాసిన అక్షరం. కాపలాకు కరెంటు అక్కరలేదు. కొన్ని చిప్‌లలో ఇలా రాసింది 20 ఏళ్ళు నిలుస్తుందని తయారీదారులు చెబుతారు.

ఈ ఉపాయాన్ని 1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ప్రతిపాదించారు. 1971లో ఇంటెల్ కంపెనీలో డోవ్ ఫ్రోమన్ దాన్ని చెరిపి మళ్ళీ రాయగల మెమరీగా చేశాడు. 1984లో జపాన్‌లో తోషిబా కంపెనీకి చెందిన ఫుజియో మసుఓకా ఫ్లాష్ మెమరీని లోకానికి తెలిపాడు. ఇవాళ మన సెల్‌ఫోన్లలో ఫొటోలు దాచేది, పెన్ డ్రైవులో వుండేది ఈ ఫ్లాష్ మెమరీయే. పిల్లలు ఒక సంగతి గమనించాలి. కాంగ్ కొరియాలో పుట్టాడు, జీ చైనాలో, ఫ్రోమన్ హాలెండులో, మసుఓకా జపాన్‌లో. ఈ నలుగురిలో ఎవరి తల్లిభాషా ఇంగ్లీషు కాదు.

ఈ ఫ్లాష్ గళ్ళనే ఎఫ్.పి.జి.ఏ. లోపల, ఆ తూముల పక్కనే పెడితే? కొందరు అదే చేశారు. ఆక్టెల్ అనే కంపెనీ 2006లో ఇగ్లూ అనే పేరుతో అటువంటి చిప్‌లు తెచ్చింది. పడుకున్నప్పుడు ఆ వరసలో చిన్న చిప్ తినేది 5 మైక్రోవాట్లు మాత్రమే అని ప్రకటించింది. మైక్రోవాటు అంటే వాటులో పది లక్షలవ వంతు. మన ఇంట్లో 5 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఒకటి వెలిగించే కరెంటుతో అటువంటి చిప్‌లు పది లక్షలు పడుకోబెట్టవచ్చు. ఆ కంపెనీ 2010లో మైక్రోసెమీలోనూ, అది 2018లో మైక్రోచిప్ కంపెనీలోనూ కలిశాయి. మైక్రోచిప్ వారు 2023లో హైదరాబాదులో పరిశోధన కేంద్రం తెరిచారు. అంటే ఈ పని ఇవాళ మనకు ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో జరుగుతోంది.

ఆదా ఎంతో తెలియాలంటే ఒక లెక్క చేద్దాం. చిన్న యంత్రాల్లో వేసే బిళ్ళ బ్యాటరీలో వుండే శక్తి సుమారు 0.66 వాట్-గంటలు. ఖాళీగా వున్నప్పుడు కూడా 50 మిల్లీవాట్లు తినే చిప్ వుందనుకోండి, ఆ బిళ్ళ దానికి 13 గంటలు వస్తుంది. పొద్దున్న వేస్తే రాత్రికి అయిపోతుంది. 5 మైక్రోవాట్లు తినేదానికి అదే బిళ్ళ, కాగితం మీద లెక్క ప్రకారం, 15 ఏళ్ళు వస్తుంది. అంత లోపలే బిళ్ళ తనంతట తాను నీరసించిపోతుంది, అది వేరే సంగతి.

ఎనిమిదో తరగతిలో ఈ లెక్క బోర్డు మీద వేస్తే ఒక అమ్మాయి లేచి, "మాస్టర్ సాబ్, అంతా పడుకుంటే మళ్ళీ లేపేది ఎవరు?" అని అడిగింది. మంచి ప్రశ్న. అన్నీ పడుకోవు. చిన్న గడియారం వంటి భాగం ఒకటి మేలుకొని వుంటుంది, లేదా బయట నుంచి వచ్చే సంకేతం కోసం ఒక చెవి తెరిచి వుంటుంది. ఆ కాస్త దానికే ఆ కాస్త కరెంటు. ఇల్లంతా పడుకున్నా వాకిట్లో ఒకరు మేలుకొని వున్నట్టు.

లాభం ఎక్కడ, నష్టం ఎక్కడ

ఇది విని నిలిచే మెమరీ అన్నిటికీ మందు అనుకోకూడదు. విత్తనం దాచడం తేలికే గాని, మొలిపించడానికి సమయం పడుతుంది కదా. అలాగే ఫ్లాష్ మెమరీలో రాయడం నిదానం. ఎక్కువ వోల్టేజి కావాలి. ఒక్కొక్కసారి రాసినప్పుడు గాజు గోడ కొంచెం కొంచెం అరుగుతుంది. నేను చెప్పిన జాతి చిప్‌లలో పని మార్చి రాయడానికి తయారీదారుల హామీ కొన్ని వందల సార్లకే. పైగా ట్రాన్సిస్టర్లు సన్నబడినంత వేగంగా ఈ గాజు గదులు సన్నబడలేదు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోవాలి. నిమిషానికి పలుమార్లు పని మార్చుకునే చిప్ అయితే రాసే ఖర్చే తడిసి మోపెడవుతుంది. అక్కడ జారిపోయే మెమరీయే నయం. రాత్రీ పగలూ విడువకుండా పని చేసే యంత్రంలో కూడా ఆదా అంతగా కనిపించదు, ఎందుకంటే అక్కడ ఎక్కువ కరెంటు పనికే పోతుంది. ఎప్పుడో ఒకసారి పని మార్చుకుని, రోజులో ఎక్కువ భాగం పడుకునే చిప్ వుంది చూశారూ, దానికే నిలిచే మెమరీ వరం. దుకాణం రోజుకు ఒక్క గంటే తెరిచేవాడు రోజంతా దీపాలు ఎందుకు వెలిగించాలి?

ఫ్లాష్ లోపాలు తీర్చడానికి కొత్త రకాల మెమరీలు వస్తున్నాయి. ఒకటి అయస్కాంతంతో పని చేసేది. రెండు పల్చని అయస్కాంత పొరలు, మధ్య ఇంకా పల్చని అడ్డు. రెండు పొరలూ ఒకే దిక్కుకు వుంటే కరెంటు తేలికగా పోతుంది, ఎదురెదురుగా వుంటే కష్టంగా పోతుంది. అయస్కాంతం దిక్కు తనంతట మారదు కాబట్టి కరెంటు లేకపోయినా అక్షరం నిలుస్తుంది. ఇంకొకటి సన్నని పొరలో రాగి అణువులతో వంతెన కట్టేది. వంతెన వుంటే దారి వున్నట్టు, తీస్తే లేనట్టు. ఈ రాగి వంతెన పద్ధతితో జపాన్‌లోని ఎన్.ఇ.సి. కంపెనీ చేసిన ఎఫ్.పి.జి.ఏ.ను 2019 జనవరిలో ఒక ఉపగ్రహంలో పైకి పంపి పరీక్షించారు. అంతరిక్షంలోని కిరణాలు తగిలితే మామూలు చిప్‌లో మెమరీ గళ్ళు తారుమారు అవుతాయి. అక్కడికి వెళ్ళి బాగుచేసే మెకానిక్కు ఎవరూ లేరు. అందువల్ల అక్కడ రాత చెదరకుండా వుండడం కరెంటు ఆదా అంత ముఖ్యం.

అదే 2019లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం వారు అయస్కాంత మెమరీతో ఒక చిన్న కంప్యూటరు చిప్‌ను, దాని లోపలే ఒక చిన్న ఎఫ్.పి.జి.ఏ.ను కలిపి చేసి చూపించారు. చేసే పనినీ, పని ఎంతవరకు వచ్చిందో కూడా అది మరచిపోదు. అందుచేత పని లేని భాగాన్ని ఎప్పటికప్పుడు ఆపేయవచ్చు. అది తిన్నది 47.14 మైక్రోవాట్లు అని లెక్క చెప్పారు. ఎండ పలక ముక్కతోనో, చుట్టూ వున్న వేడితోనో నడిచే యంత్రాలకు ఇటువంటివి కావాలి.

మరో మాట. ఎప్పుడూ మార్చుకోగలగడమే గొప్ప అని కూడా అనుకోవద్దు. ఓటింగ్ యంత్రంలో ఓట్ల మెమరీ రాయదగినదే గాని, యంత్రాన్ని నడిపించే ప్రోగ్రాము ఒక్కసారే రాసే చిప్‌లో పెట్టారు. ఎక్కడ మార్చుకోవాలో, ఎక్కడ మార్చకూడదో తెలుసుకోవడమే ఇంజనీరు తెలివి.

మన వూరికి ఏమిటి లాభం?

మొక్కల మధ్య పెట్టే చిన్న యంత్రం ఒకటి ఊహించండి. గంటకు ఒకసారి లేస్తుంది. మట్టి తడి చూస్తుంది. అక్కర వుంటే మోటారుకు కబురు పంపి మళ్ళీ పడుకుంటుంది. పని ఒక సెకండు, పడక 59 నిమిషాల 59 సెకండ్లు. ఇంత చిన్న పనికి ఎఫ్.పి.జి.ఏ. అక్కరలేదు, చవక చిప్ చాలు. కాని అదే యంత్రం ఆకు ఫొటో తీసి, మచ్చ ఏ తెగులుదో అక్కడికక్కడే పోల్చి చెప్పాలంటే లెక్క బరువు పెరుగుతుంది. ఇవాళ గులాబీ, రేపు మామిడి అంటు, ఎల్లుండి క్రోటన్ అంటే పని మార్చుకోగలగాలి. తోటకు తోటకు తీగలు లాగకుండా బిళ్ళ బ్యాటరీతో నెలల తరబడి నడవాలి. అప్పుడు మార్చుకునే చిప్, నిలిచే మెమరీ రెండూ కలిసి అక్కరకు వస్తాయి. దేశమంతటికీ మొక్కలు పంపే వూరు మనది. అటువంటి యంత్రం ఎక్కడో తయారయి మనకు అమ్మకానికి వస్తుందా, మన పిల్లలు చేసి ఇతరులకు అమ్ముతారా అన్నదే ఇవాళ నేను మీ ముందు పెడుతున్న ప్రశ్న.

నేను బడిలో ఏళ్ళ తరబడి వింటున్న మాట ఒకటి వుంది. ఉర్దూ మీడియం పిల్లలకు ఎలక్ట్రానిక్స్ ఎక్కడ వస్తుంది సార్, పదో తరగతి అయితే దుకాణంలో పెడతాం, ఆడపిల్ల అయితే ఇంక చాలు అంటారు. నేను ఇప్పుడు చెప్పిన పట్టికకు కావలసిన అక్షరాలు రెండే, 0, 1. వాటికి ఉర్దూ లేదు, తెలుగు లేదు, ఇంగ్లీషు లేదు. 16 గళ్ళ పట్టిక పలక మీద గీసి ఇస్తే మా ఎనిమిదో తరగతి పిల్లలు ఆటలాగ నింపుతారు. పిల్లకు బుద్ధి లేక కాదు చదువు ఆగేది, దారి తెలిసినవారు చెప్పక ఆగుతుంది.

దారులు వున్నాయి. పదో తరగతి తరువాత పాలిసెట్ రాసి మూడేళ్ళ ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేయవచ్చు. డిప్లొమా అయినవారు ఇ.సెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. 2008లో పల్లెటూరి పిల్లల కోసం పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో పదో తరగతి మార్కుల మీద సీటు ఇస్తారు, మనకు దగ్గరది నూజివీడు. ఇక ఉర్దూలోనే చదవాలనుకునేవారికి, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వారి హైదరాబాదు పాలిటెక్నిక్కు వుంది. అక్కడ ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఉర్దూలోనే చెబుతారు.

సంఘానికి నా మనవులు మూడు. ఒకటి, మనం ఏటా ఇచ్చే ఉపకార వేతనాలలో రెండు ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేరేవారికని కేటాయించాలి, రెండిటిలో ఒకటి తప్పక ఆడపిల్లకు ఇవ్వాలి. రెండు, చిన్న ఎఫ్.పి.జి.ఏ. బోర్డు కొద్ది వేల రూపాయలకు దొరుకుతుంది. దానికి కావలసిన సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. అటువంటి బోర్డు ఒకటి, పాత కంప్యూటరు ఒకటి సంఘం హాలులో పెడితే ఆదివారాలు వచ్చి పిల్లలకు నేర్పే పూచీ నాది. మూడోది తల్లిదండ్రులకు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో పిల్లను గాని పిల్లవాణ్ణి గాని ఏ పనిలోనూ పెట్టకండి. ముందు ఆ మార్కుల కాగితం తీసుకుని నా దగ్గరికో, మరో మాస్టారు దగ్గరికో రండి. ఏ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో కూర్చుని రాసుకుందాం. ఆ తరువాత మీ ఇష్టం.

 ప్రశ్నలు వున్న పిల్లలు భోజనాల తరువాత నా దగ్గరికి రావచ్చు, పలక తెచ్చాను.

ఖుదా హాఫిజ్.